తెల్లవారుజాము మూడు గంటల కాపలా

మా ఊరి టీ బంకు దగ్గర నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు: "నువ్వు అసలు మిలిటరీవాడివా, రొయ్యల గుంటల మెకానిక్కువా?" అడిగేవాళ్ళలో ఎగతాళి ఉండదు, అర్థంకాకే అడుగుతారు. మిలిటరీవాళ్ళంటే సెలవు మీద వచ్చి, నాలుగు రోజులుండి, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నేను అలా కాదు. ఏళ్ళ తరబడి లుంగీ ఎగగట్టుకుని, గుంట నీళ్ళలో గాలి కలిపే ఏరేటరు మోటార్లు విప్పుతూ కనిపిస్తాను. ఉన్నట్టుండి ఏడాదిపాటు కనిపించను. మళ్ళీ ఒకరోజు అదే లుంగీలో, అదే గట్టు మీద ఉంటాను.

రెండూ నేనే అని చెబుతాను. ఆ తర్వాత వచ్చే ప్రశ్న కూడా నాకు తెలుసు. "అక్కడ కాల్చావా?" దానికి జవాబు టీ తాగేలోపు చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో మైపాడు వైపు ఒక పల్లె. రాత్రి గాలి మళ్ళితే సముద్రపు హోరు ఇంట్లోకి వినిపిస్తుంది. రెండు గుంటలు కౌలుకు తీసుకుని వనామీ రకం రొయ్య వేస్తాం. చుట్టుపక్కల గుంటల్లో ఏరేటర్లు, జనరేటర్లు చెడిపోతే బాగుచేయడం నా వృత్తి. 2016లో టెరిటోరియల్ ఆర్మీలో చేరాను. పత్రికల్లో దీన్ని ప్రాదేశిక సైన్యం అని రాస్తారు. 1948లో చట్టం వచ్చింది, 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి దీన్ని ప్రారంభించారు. 1962, 1965, 1971 యుద్ధాల్లో ఈ సైన్యం పనిచేసింది. ఇందులో చేరాలంటే ముందు నీకంటూ ఒక పని, దాని మీద సంపాదన ఉండాలి. ఉద్యోగం లేనివాడికి ఉద్యోగం ఇచ్చే చోటు కాదు ఇది. ఏటా రెండు నెలల క్యాంపు. దేశానికి అవసరమైతే పిలుస్తారు, దాన్ని ఎంబాడీమెంట్ అంటారు. ఆ రోజు నుంచి జీతం, తిండి, శిక్ష, ప్రమాదం అన్నీ రెగ్యులర్ జవానుతో సమానం. అవసరం తీరాక ఇంటికి పంపుతారు. ఆ రోజుతో జీతం ఆగిపోతుంది. విధుల్లో గడిపిన కాలమంతా కలిపి 15 ఏళ్ళయితేనే నాలాంటి జవానుకు పింఛను.

పిలుపు మీద వెళ్ళినవాడి ఉద్యోగాన్ని తిరిగి అతనికే ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. మంచి నియమం. మా సెక్షనులో, అంటే మా చిన్న జట్టులో, ఒక ఫ్యాక్టరీ ఉద్యోగికి అదే ఆసరా. కానీ నా పనికి యజమానిని నేనే. నేను లేనప్పుడు నా ఖాతాదారులు పక్క ఊరి మెకానిక్కును పిలుచుకుంటారు. వాళ్ళను తప్పుపట్టను. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోతుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగితే చూస్తుండగానే రొయ్య తేలిపోతుంది. సరిహద్దుకు వెళ్ళిన మెకానిక్కు తిరిగి వచ్చేదాకా రొయ్య ఆగదు.

2023 జూలైలో పిలుపు వచ్చింది. కాగితం చూపిస్తే నా భార్య ఏడవలేదు. చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం గుంటల దగ్గరికి వచ్చి, "ఏమండీ, ముందు ఆ జనరేటరు ఎలా స్టార్టు చేయాలో చూపించండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం" అంది. ఆ వారమంతా చూపించాను. డీజిల్లో గాలి పడితే పంపు దగ్గర బోల్టు వదులు చేసి గాలి తీయడం, బెల్టు బిగువు బొటనవేలితో నొక్కి చూడటం, కరెంటు నుంచి జనరేటరుకు మార్చే చేంజోవరు ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు తిప్పకూడదు. ఆమె చేతి గాజులు తీసి పక్కన పెట్టి నేర్చుకుంది.

ఆ నెలాఖరులోనే రొట్టెల పండుగ. నెల్లూరులో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. యుద్ధంలో ప్రాణాలిచ్చిన పన్నెండుగురి సమాధులున్న బారాషహీద్ దర్గా, పక్కనే స్వర్ణాల చెరువు. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు నీళ్ళలో నిలబడి అందుకుంటారు. కోరిక తీరితే మరుసటి ఏడాది వాళ్ళు తెచ్చి ఇవ్వాలి. మా ఇంట్లో ఏటా వెళ్ళే అలవాటు లేదు. ఆ ఏడాది నా భార్య కొంగు తలమీద కప్పుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆరోగ్య రొట్టె తీసుకుంది. ఎవరి ఆరోగ్యం కోసమో నేను అడగలేదు.

సికింద్రాబాదులో హాజరై, అక్కడినుంచి పైకి, శిక్షణ ముగించుకుని కాశ్మీరులోని కుప్వారా జిల్లా చేరాం. పోస్టు పేరు, ఎత్తు, మా బెటాలియన్ నంబరు రాయను. పదివేల అడుగుల పైన ఉండే సాధనా కనుమ దాటి కర్నా లోయలోకి దిగే దారి అని మాత్రం చెబుతాను. ఆ వైపు కిషన్‌గంగ నది పారుతుంది. కొన్నిచోట్ల ఆ నదే నియంత్రణ రేఖ. అవతలి ఒడ్డున ఇళ్ళు, బట్టలు ఆరేసిన దండేలు, బడికి పోయే పిల్లలు మామూలు కంటికే కనిపిస్తారు. మొదటి రోజు నేను చాలాసేపు ఆ దండేల వైపే చూశాను. లోయలో తీత్వాల్ దగ్గర 2023 మార్చిలో తెరిచిన శారదమ్మ గుడి ఉంది. మా అమ్మ చిన్నప్పుడు నేర్పిన శ్లోకంలో ఆ తల్లిని కాశ్మీర పురవాసిని అంటారు. ఒకసారి కిందికి దిగినప్పుడు ఆ గుడి ముందు నిలబడి అమ్మకు ఫోను చేశాను.

సరిహద్దు అనగానే ఊళ్ళో అందరి కళ్ళలో మెదిలేది తుపాకి. నేను అక్కడ ఎక్కువగా పట్టుకున్నది బెల్చా. అంటే పార. నవంబరు చివర మంచు మొదలైతే పొద్దున లేవగానే బంకరు రేకుల మీద మంచు తోయాలి, లేకపోతే బరువుకు కప్పు కూలుతుంది. తర్వాత దారి తవ్వాలి, మరుగుదొడ్డికి దారి, నీళ్ళకు దారి, మందుగుండు గదికి దారి. మధ్యాహ్నానికి అన్నీ మళ్ళీ పూడిపోతాయి. నీళ్ళ పైపు గడ్డకడితే మంచునే డబ్బాల్లో తెచ్చి కరిగించుకోవాలి. డబ్బా నిండా మంచు కరిగిస్తే అడుగున చెంబెడు నీళ్ళు కూడా రావు. గోదావరి, పెన్నా పారే గడ్డ మీద పుట్టినవాళ్ళం, ఆ చెంబెడు నీళ్ళను ముగ్గురం ముఖాలకు పంచుకునేవాళ్ళం.

మా సెక్షనులో కర్నూలు ఆటో డ్రైవరు, నల్గొండ దర్జీ, బీదర్ వైపు నుంచి వచ్చిన ఒక బడి మాస్టారు ఉన్నారు. పౌర సైన్యం బలం ఎక్కడుందో నాకు అక్కడ తెలిసింది. పార్కా అనే మందపాటి చలికోటు జిప్పు ఊడితే దర్జీ కుట్టేవాడు. హిందీలో దరఖాస్తులు మాస్టారు రాసేవారు. జనరేటరు నాది. ఆ చలికి మామూలు డీజిల్ గంజిలా చిక్కబడి ఫిల్టరులోనే ఆగిపోతుంది. వేడినీళ్ళలో ముంచిన గోనెపట్టా ఫిల్టరుకు చుట్టి, లోపల డీజిల్ కదిలేదాకా పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇంజను దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గి అందుకునేసరికి చేతులు కొంకర్లు పోయేవి. పక్క పోస్టులో ఉండే రెగ్యులర్ యూనిట్ వాళ్ళు కూడా మనిషిని పంపి నన్ను పిలిపించుకునేవారు. "రొయ్యల ఉస్తాద్" అని పేరు పెట్టారు. నాకు ఆ పేరు ఇష్టం.

తిండి బాగానే ఉండేది. పప్పు, రోటీ, బంగాళాదుంప. ఎత్తు మీద నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి కుక్కరు లేకపోతే అన్నం పలుకుగానే ఉండిపోతుంది. అమ్మ కట్టి ఇచ్చిన రొయ్యల పొడి సంక్రాంతిదాకా దాచుకున్నాను. గోంగూర పచ్చడి సీసాలోనే రాయిలా గడ్డకట్టింది. బుఖారీ పక్కన పెడితే అంచుల్లో కరిగేది, ఆ కరిగినంత మేర చెంచాతో గీసి తినేవాళ్ళం. బుఖారీ అంటే కిరసనాయిలు పొయ్యి. ప్రాణం నిలిపేది అదే, తీసేదీ అదే. వెలిగించి తలుపు బిగించుకుని నిద్రపోతే పొగగొట్టంలో మంచు అడ్డుపడి విషవాయువు నిండుతుంది, మనిషి నిద్రలోనే పోతాడు. అందుకే పడుకునే ముందు ఆర్పాలి. ఆర్పారో లేదో సంత్రీ, అంటే కాపలావాడు, తిరిగి చూడాలి. తలుపు తీసి లోపల అందరూ ఊపిరి తీస్తున్నారా అని చెవి పెట్టి వినడం కూడా కాపలాలో భాగమే.

నాకు ఎక్కువగా రెండు నుంచి నాలుగు గంటల పహరా పడేది. ఇద్దరం నిలబడతాం, మాట్లాడుకోం. ఊపిరి మంకీక్యాపు మీదే మంచు పొరలా గడ్డకడుతుంది. చేతిజోడు తీసి ఇనుము ముట్టుకుంటే వేలి చర్మం అంటుకుపోతుంది. ఒకసారి నా కుడిచేతి చూపుడువేలు అలాగే అంటుకుంది. లాగితే చర్మం ఊడుతుందని తెలుసు. మాస్టారు తన అరచేతిలో నా వేలిని, ఇనుమును కలిపి పట్టుకుని నెమ్మదిగా ఊదుతూ విడిపించారు. ఆ నాలుగు నిమిషాలూ ఆయన కళ్ళు మాత్రం కంచె మీదే ఉన్నాయి. ఒక్కసారైనా నా వేలివైపు చూడలేదు.

గుంటల దగ్గర కాపలాకు, అక్కడి కాపలాకు ఒకటే తేడా. ఇక్కడ ఏరేటర్ల చప్పుడులో హాయిగా నిద్రపడుతుంది, చప్పుడు ఆగితే దిగ్గున లేస్తాం. అక్కడ నిశ్శబ్దమే మామూలు. ఏదైనా చప్పుడు మొదలైతే గుండె గొంతులోకి వస్తుంది. దేవదారు కొమ్మ మీద నుంచి మంచు జారిపడినా మనిషి అడుగులాగే ఉంటుంది. కంచెకు కట్టిన ఖాళీ సీసా గాలికి టింగుమంటే, అది గాలేనా అని రెండోసారి మోగేదాకా ఊపిరి బిగబట్టాలి. పొద్దున వెలుతురు రాగానే కంచె వెంట నడిచి మంచు మీద అడుగులు చదవాలి. నక్క, చిరుత, కుక్క. గట్టు మీద నక్క అడుగులు చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి కాబట్టి అది నాకు త్వరగా వచ్చింది.

కాల్చావా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే. 2021 ఫిబ్రవరి 25న రెండు సైన్యాలూ కాల్పుల విరమణను మళ్ళీ పాటిస్తామని ప్రకటించాయి. నేనున్నది ఆ కాలం. నా తుపాకి సాధన చేసే రేంజిలో తప్ప పేలలేదు. రోజూ విప్పాను, చిందీ గుడ్డతో తుడిచాను, నూనె పెట్టాను, మళ్ళీ బిగించాను. అవసరం పడితే పేలేలా దాన్ని, నన్ను సిద్ధంగా ఉంచడమే నా పని. అది చేశాను. నాకు దానిలో చిన్నతనం కనిపించదు.

ఇక డిసెంబరు 4 రాత్రి గురించి. నిజానికి ఇదంతా రాయాలనుకున్నదే ఆ రాత్రి కోసం.

మా పోస్టులో ఒక బండ మీద నిలబడితేనే ఫోను సిగ్నలు వచ్చేది. ఆ సాయంత్రం మా తమ్ముడి మెసేజి వచ్చింది. "అన్నా, తుఫాను మనమీదికే. కరెంటు పోయింది. వదిన గుంటల దగ్గరే ఉంది." మిగ్‌జాం తుఫాను అది. మన తీరం పక్కనే ఉత్తరానికి పాకుతూ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ మెసేజి తర్వాత మా దగ్గర మంచు పట్టుకుంది, సిగ్నలు పోయింది. చాలాసేపు ఆ బండ మీద ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఒక్క గీత కూడా రాలేదు.

సుబేదార్ సాబ్ కనిపెట్టారు. ఈ రాత్రి నీ పహరా ఇంకొకరికి వేస్తాను, పడుకో అన్నారు. వద్దన్నాను. పడుకుంటే కంటి మీద కునుకు రాదు. నిలబడితే కనీసం చేయడానికి ఒక పని ఉంటుంది. రెండింటికి వెళ్ళి నిలబడ్డాను. ఎదురుగా తెల్లటి మంచు, కదలని చెట్లు, ఆకు కదిలిన చప్పుడు కూడా లేదు. నా చెవుల్లో మాత్రం వాన. రేకుల షెడ్డు మీద వాన ఎలా పడుతుందో, గాలికి టార్పాలిను ఎలా కొట్టుకుంటుందో, జనరేటరు ఎగ్జాస్టు మీద నీళ్ళు పడి ఎలా చుయ్యిమంటాయో అన్నీ వినిపించాయి. వేల కిలోమీటర్ల అవతలి ఒక ఇంజను ఆడుతోందా, ఆగిందా అని ఆ నిశ్శబ్దంలో చెవులు రిక్కించి విన్నాను. నేను కాపలా కాస్తున్న కంచె కళ్ళముందే ఉంది. నా ఇంటిని కాయాల్సిన చోట నేను లేను. ఆ రెండు గంటల్లో చూపు పక్కకు తిప్పలేదు. తిప్పితే రెండు చోట్లా తప్పు చేసినవాణ్ణి అవుతానని అనిపించింది.

7వ తేదీ మధ్యాహ్నం లైను దొరికింది. నా భార్య గొంతు బొంగురుపోయి ఉంది.

"పెద్ద గుంట గట్టు తెగిందండీ. రొయ్య కాలవలో కలిసిపోయింది. చిన్న గుంట ఉంది."

"నువ్వు?"

"నాకేం? బెల్టు ఒకసారి జారింది. బొటనవేలితో నొక్కి చూసి మళ్ళీ బిగించాను. మూడు రాత్రులూ ఆగలేదు."

ఏం ఆగలేదో ఆమె చెప్పలేదు, నాకు చెప్పనక్కరలేదు. పెద్ద గుంటలో పోసిన మేత ఖర్చు కూడా రాలేదు. ఆ అప్పు తీరడానికి తర్వాత రెండు పంటలు పట్టాయి. దాని గురించి ఇంతకంటే రాయను.

మా పోస్టుకు కిరసనాయిలు డబ్బాలు, కూరగాయలు ఖచ్చరం, అంటే కంచరగాడిద, మీద తెచ్చే పోర్టరు ఒకాయన ఉండేవారు. అరవై దాటిన మనిషి, కింది గ్రామం వారు. అందరం చాచా అని పిలిచేవాళ్ళం. సముద్రం ఎన్నడూ చూడలేదు. తుఫాను కథ మాస్టారి ద్వారా తెలిసి, మర్నాడు నా దగ్గర కూర్చుని జేబులోంచి గుప్పెడు అక్రోటు కాయలు తీసి చేతిలో పెట్టారు. అప్పటినుంచి వచ్చినప్పుడల్లా అడిగేవారు, "నీ జింగా ఎలా ఉంది?" జింగా అంటే రొయ్య. రొయ్య ఎన్ని నెలల్లో పెరుగుతుంది, ఏం తింటుంది, రాత్రి నిద్రపోతుందా? నేను ఆయన్ని అడిగేవాణ్ణి, కాల్పులున్న రోజుల్లో ఎలా బతికారని. చీకటి పడితే దీపం పెట్టేవాళ్ళం కాదు, పిల్లలు బంకర్లో పాఠాలు చదివేవారు అని చెప్పేవారు. విరమణ వచ్చాక ఆయన తన ఇంటి వాకిట్లో ఒక బల్బు పెట్టించుకున్నారు. రాత్రి పహరాలో పైనుంచి చూస్తే కింద లోయలో ఆ బల్బు కనిపించేది. ఏది ఆయనదో నాకు గుర్తే. కాపలా ఎందుకు కాస్తున్నావని నన్ను నేను అడగాల్సి వచ్చినప్పుడు నేను ఆ బల్బు వైపు చూసేవాణ్ణి.

2024 జూన్‌లో ఇంటికి పంపారు. మరుసటి నెల రొట్టెల పండుగకు ఇద్దరం వెళ్ళాం. నా భార్య పొద్దున్నే గోధుమ రొట్టెలు చేసి మూట కట్టింది. చెరువులో అదే చోట నిలబడి, ఆరోగ్య రొట్టె అని పిలిస్తే ఒక పెద్దావిడ వచ్చి కొంగు పట్టింది. కొడుకుకు కిడ్నీ జబ్బు అంది. రొట్టె ఆమె కొంగులో వేశాక కూడా నా భార్య చాలాసేపు ఆమె చేయి వదల్లేదు.

తర్వాత 2025 మే. 6వ తేదీన ప్రాదేశిక సైన్యాన్ని పిలిపించుకునే అధికారం సైన్యాధిపతికి ఇస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఉన్న 32 పదాతి బెటాలియన్లలో 14ను విధుల్లోకి తీసుకోవచ్చని అందులో ఉంది. మర్నాడు ఆపరేషన్ సిందూర్. కిట్ బ్యాగు అటక మీద నుంచి దించి, బూట్లకు పాలిష్ పెట్టి, తలుపు పక్కన ఉంచాను. నా భార్య ఈసారి ఏమీ చూపించమనలేదు. జనరేటరులో ఇంజను ఆయిలు తనే మార్చేసింది. టీవీలో పూంఛ్ మీద, కర్నా లోయ మీద గుండ్లు పడుతున్నాయని చెబుతుంటే, ఆ ఇళ్ళ రేకుల కప్పులు ఎలా ఉంటాయో తెలిసినవాణ్ణి కాబట్టి కూర్చోలేకపోయాను. నాలుగు రోజులు టీ బంకు వైపు వెళ్ళలేదు. చాచా ఫోను మోగింది, ఎవరూ తీయలేదు. తర్వాత మోగడం కూడా మానేసింది.

10వ తేదీ సాయంత్రం కాల్పుల విరమణ ప్రకటించారు. మా బెటాలియనుకు పిలుపు రాలేదు. బ్యాగు మాత్రం అక్కడే ఉంచాను.

13వ తేదీ రాత్రి గట్టు మీద ఉన్నప్పుడు ఫోను మోగింది. ఏరేటర్ల చప్పుడులో వినపడక షెడ్డు వెనక్కి పరుగెత్తాను. చాచా. ఇంటి వెనక భాగం కూలిందట. ఖచ్చరం చచ్చిపోయిందట. మనుషులందరూ బంకర్లో ఉన్నారు కాబట్టి బతికారు. వాకిట్లో బల్బు సంగతి నేను అడగలేకపోయాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అప్పుడు ఆయనే అడిగారు.

"అదేం చప్పుడు? నీ జింగా దగ్గరున్నావా? ఎలా ఉంది?"

"బాగుంది చాచా, ఇంకో ఇరవై రోజుల్లో పట్టుబడి" అన్నాను. ఆయనకు వినపడాలని ఫోను నీళ్ళ వైపు తిప్పి పట్టుకున్నాను.